టోపీ నీడ సగం ముఖాన్ని మింగేసింది, ఎలా తీయాలి?

నీడచిక్కు:
అందరికీ నమస్కారం. మా నాన్నగారిది నవ్వుతూ ఉన్న ఫొటో ఒక్కటే ఉంది. మిట్టమధ్యాహ్నం ఎండలో తీసింది. టోపీ అంచు నీడ నుదుటి నుంచి ముక్కు మధ్య దాకా పడింది. గడ్డం తెల్లగా మెరిసిపోతోంది, కళ్లు మాత్రం కనబడవు. లైట్‌రూమ్‌లో నీడలను వెలిగించే షాడోస్ స్లైడర్ 100 దాకా లాగేశాను. కళ్లయితే బయటపడ్డాయి గానీ ముఖం బూడిద పూసినట్టయింది, జుట్టూ చొక్కా కూడా వెలిసిపోయాయి. మళ్లీ తీసే వీల్లేదు. ఏం చేయమంటారు?

ఫోన్‌చాలు:
స్నాప్‌సీడ్ యాప్ వేసుకోండి బాస్. సెలెక్టివ్‌లో నీడ మీద చుక్క పెట్టి, రెండు వేళ్లతో దాని పరిధి తగ్గించి, బ్రైట్‌నెస్ పెంచండి. రెండు నిమిషాల పని.

నీడచిక్కు:
చేశానండి. నీడ పోయింది, దాని అంచు మాత్రం ముఖం మీద గీత గీసినట్టు ఉండిపోయింది. ఇప్పుడు ఇంకా అసహ్యంగా ఉంది.

పాతలెన్సు:
అంచే అసలు తలనొప్పి. నీడ లోపలి భాగాన్ని వెలిగించడం ఎవరికైనా వస్తుంది.

ముందు ఫైలు సంగతి చెప్పండి. రా ఫైలా (కెమెరా పట్టినదంతా ఉన్నది), జేపెగ్గా (కుదించినది)? జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 వెలుతురు మెట్లే ఉంటాయి, 14 బిట్ల రా ఫైల్లో 16,384. జేపెగ్‌ని ఎక్కువ లాగితే చారలు, మచ్చలు తేలతాయి. రా ఉంటే దాంతోనే మొదలుపెట్టండి.

ఫొటోషాప్‌లో నేను చేసే పద్ధతి: కర్వ్స్ అడ్జస్ట్‌మెంట్ లేయర్ (వెలుతురును ఒక గీతతో మార్చే పొర) పెట్టి, నీడలోని చెంప ఎండలోని చెంపకు దగ్గరయ్యే దాకా గీతను మధ్యలో పైకి లాగుతాను. తర్వాత ఆ లేయర్ మాస్క్ (మార్పు ఎక్కడ కనబడాలో చెప్పే ముసుగు) మీద కంట్రోల్ ఐ నొక్కితే అది నల్లబడి, చేసిందంతా దాక్కుంటుంది. ఇప్పుడు తెల్ల బ్రష్, ఫ్లో (పూత పడే జోరు) 10 శాతం. నీడ ఉన్నచోట మాత్రమే పూత మీద పూత వేసుకుంటూ పోవాలి.

బ్రష్ ఎంత మెత్తగా ఉండాలన్నది నీడే చెబుతుంది. సూర్యుడు మనకు చుక్కలా కాదు, దాదాపు అర డిగ్రీ వెడల్పుతో కనిపిస్తాడు. అందుకే నీడ వేసే వస్తువు దూరంగా ఉన్నకొద్దీ అంచు చెదిరిపోతుంది. పది సెంటీమీటర్ల దూరానికి సుమారు ఒక మిల్లీమీటరు. మీ ఫొటోలో నుదుటి మీద అంచు పదునుగా, ముక్కు మీద కాస్త మెత్తగా ఉండి ఉంటుంది, చూడండి. రెండుచోట్లా ఒకే బ్రష్ వాడితే దొరికిపోతారు.

నీడచిక్కు:
జేపెగ్గేనండీ. అంచు సంగతి మాత్రం మీరన్నట్టే ఉంది!

ఒక్కక్లిక్కు:
ఇంత కష్టం ఎందుకో అర్థం కాదు. ఫొటోషాప్‌లో 2023 నుంచి జెనరేటివ్ ఫిల్ అనే ఏఐ పనిముట్టు ఉంది కదా. నీడ చుట్టూ సెలెక్ట్ చేసి రెండు మాటలు రాస్తే అదే చూసుకుంటుంది.

నీడచిక్కు:
నిన్న రాత్రి అదీ ప్రయత్నించాను. నీడ పూర్తిగా పోయింది, చర్మం బ్రహ్మాండంగా వచ్చింది. కళ్లు మాత్రం మా నాన్నవి కావు. ఎవరో పెద్దమనిషి మా నాన్న టోపీ పెట్టుకుని నిలబడ్డట్టుంది.

ఒక్కక్లిక్కు:
సరే, ఆ మాట ఒప్పుకుంటా. గోడ మీద నీడకైతే బాగా పనిచేస్తుంది, ముఖం జోలికి వెళ్లకూడదన్నమాట.

గింపు‌వాడిని:
ఫొటోషాప్ లేనివాళ్లు కంగారుపడక్కర్లేదు, గింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. గింప్‌లో లేయర్‌ని డూప్లికేట్ చేసి, పై కాపీకి కర్వ్స్ వేసి, నల్ల మాస్క్ తగిలించి తెల్ల బ్రష్‌తో పూయండి. ఫలితం అదే. పాత వెర్షన్లలోనూ అవుతుంది.

తొందరపాటు:
మధ్యలో దూరుతున్నందుకు క్షమించాలి. పాస్‌పోర్ట్ ఫొటోలో వెనక గోడ మీద నీడ పడింది. అదెలా తీయాలి?

పాతలెన్సు:
తీయొద్దు. చాలా దేశాలు ఎడిట్ చేసిన ఫొటో తీసుకోవు. గోడకు రెండడుగులు ముందుకొచ్చి, కిటికీకి ఎదురుగా నిలబడి మళ్లీ తీయించుకోండి.

రంగులరాట్నం:
అసలు సంగతి ఎవరూ ఎత్తలేదు: రంగు. ఆరుబయట నీడలో పడేది ఎండ కాదు, ఆకాశం వెలుతురు. అది నీలం. చీకటిగా ఉన్నంతసేపు మనకు తెలియదు, పైకి లాగగానే బయటపడుతుంది. మీకు బూడిద పూసినట్టు కనబడింది అందుకే అయ్యుంటుంది. పాతలెన్సు గారు చెప్పిన మాస్క్‌నే కాపీ చేసి ఇంకో కర్వ్స్ లేయర్‌కి పెట్టండి. నీలం చానెల్‌ని కొంచెం దించి, ఎరుపుని ఒక పిసరు పెంచండి. చొక్కా కాంతివంతమైన రంగుదైతే దాని మీంచి ఎగిరిన వెలుతురుతో గడ్డం కింద ఆ రంగు కొట్టొచ్చు, దాన్ని విడిగా చూసుకోవాలి.

ఇంకోటి, భారమంతా నీడ మీదే వేయకండి. మెరిసే గడ్డాన్ని కాస్త దించితే నీడను అంత లాగే పని ఉండదు. గడ్డం పూర్తిగా తెల్లబారిపోయి ఉంటే మాత్రం దించినా బూడిదరంగే వస్తుంది.

పాతలెన్సు:
రంగులరాట్నం గారన్నది నిజం, నేను మరిచాను. పైన తాత్కాలికంగా ఒక బ్లాక్ అండ్ వైట్ లేయర్ పెట్టి వెలుతురు సరిచేసుకుని, తర్వాత దాన్ని తీసేసి రంగు సంగతి చూడండి. రెండూ కలిపి చూస్తే కన్ను మోసపోతుంది. నీడని పూర్తిగా చెరిపేయకండి కూడా. టోపీ ఉండి నీడ లేకపోతే తల అతికించినట్టుంటుంది.

ఫోన్‌చాలు:
రెండు నిమిషాల పని అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా 😄

నీడచిక్కు:
మూడు సాయంత్రాలు పట్టింది. మొదటిరోజు బ్రష్ ఫ్లో 40 పెట్టి పాడుచేసుకున్నాను, మళ్లీ మొదటికొచ్చాను. నీలం దించగానే ముఖానికి ప్రాణం వచ్చింది. చివర్లో లేయర్ ఒపాసిటీ (గాఢత) 70 శాతానికి తగ్గించాను. నీడ ఇంకా ఉంది, కళ్లూ ఉన్నాయి. లాగినచోట గరుకు తేలితే అదే మాస్క్‌తో నాయిస్ తగ్గించి, మొత్తం ఫొటోకి కొద్దిగా గ్రెయిన్ చల్లాను. ఎడమ కనుబొమ పైన సన్నటి గీత మిగిలిపోయింది, అది నా వల్ల కాలేదు.

అమ్మకు చూపించాను. గీత ఆవిడ కంటికి ఆనలేదు. చాలాసేపు చూసి, "చొక్కా గుండీ ఊడిపోయిందని ఆ రోజే చెప్పాను, విన్నారా?" అంది.