ప్రకటన గ్రంథం 13వ అధ్యాయం దగ్గర ఆగిపోయాను, ఎలా చదవాలి?

ప్రశ్న

అందరికీ వందనాలండి. నేను బైబిలు కాలేజీలో చదువుకున్నదాన్ని కాదు, మామూలు పాఠకురాలిని. సువార్తలు, పౌలు పత్రికలు అయ్యాక బైబిల్లో చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథం పట్టుకున్నాను. మొదటి మూడు అధ్యాయాలు సాఫీగానే సాగాయి. ముద్రలు, బూరలు వచ్చేసరికి తికమక మొదలైంది. 13వ అధ్యాయంలో సముద్రంలోంచి వచ్చే క్రూరమృగం, పది కొమ్ములు, ఏడు తలలు, నొసటి మీద ముద్ర, 666 దగ్గర పూర్తిగా ఆగిపోయాను. వీడియోలు చూస్తే ఒకాయన బార్‌కోడ్ అంటాడు, ఇంకొకాయన ఒంట్లో పెట్టే చిప్ అంటాడు, మరొకాయన ఫలానా దేశాధ్యక్షుడే అంటాడు. అందరూ అంతే గట్టిగా చెబుతున్నారు. రాత్రిపూట చదివితే టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.

అలాగని పక్కన పెట్టేయడానికి మనసొప్పడం లేదు. దీన్ని చదివేవారూ వినేవారూ ధన్యులని మొదట్లోనే రాసి ఉంది కదా. గ్రీకు రాని, పెద్ద పెద్ద వ్యాఖ్యానాలు దగ్గర లేని నాలాంటివాళ్లు ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

జవాబు 1

సిస్టర్, ముందు ఆ వీడియోలు ఆపేయండి. తర్వాత ఒక పగలు తీరిక చేసుకుని 22 అధ్యాయాలూ పైకి చదవండి, మధ్యలో అర్థం కోసం ఆగకుండా. మీరు చెప్పిన ఆ వచనంలోనే ఉంది చూడండి, చదివేవాడు ఒకడు, వినేవాళ్లు పదిమంది. సంఘంలో అందరికీ వినిపించడానికి రాసిన పుస్తకమిది. ఒక్కో కొమ్ము దగ్గర ఆగి లెక్కలు కడితే కథ చేజారిపోతుంది.

జవాబు 2

నేను చాలాకాలంగా ఈ పుస్తకాన్ని చిన్న చిన్న గుంపులతో కలిసి చదువుతున్నాను. చెప్పేది ఒక్కటే: ఇది మన చేతికి రాకముందు ఏడు సంఘాలకు అందిన ఉత్తరం. వాళ్లకు ఏం వినిపించిందో ముందు పట్టుకోండి.

ఎఫెసు, స్ముర్న, పెర్గము, తుయతైర, సార్దీస్, ఫిలదెల్ఫియ, లవొదికయ. ఇవన్నీ ఇప్పటి టర్కీ పడమటి భాగంలోని ఊళ్లు. ఉత్తరం పట్టుకుని బయలుదేరినవాడు దాదాపు ఇదే వరుసలో ఒక చుట్టు తిరిగి వస్తాడు. ఎక్కువమంది పండితులు దీని రచనాకాలాన్ని క్రీ.శ. 95 ప్రాంతంగా, దొమిషియన్ చక్రవర్తి రోజుల్లోదిగా చెబుతారు. పెర్గములో అప్పటికి నూరేళ్లకు పైగా అగస్టస్ చక్రవర్తికి గుడి ఉంది. చక్రవర్తికి మొక్కడమంటే ఆ ఊళ్లలో భక్తి ఒక్కటే కాదు, వ్యాపారమూ పరపతీ దానితో ముడిపడి ఉండేవి. ముద్ర లేనివాడు కొనడానికీ అమ్మడానికీ వీల్లేదన్న మాట ఆ సంతలో నిలబడ్డ విశ్వాసికి ఎలా తాకి ఉంటుందో ఆలోచించండి.

ఒక్క వచనం దగ్గరగా చూద్దాం, 6:6. నల్లగుర్రం మీద త్రాసు పట్టుకున్నవాడు వస్తాడు. దేనారానికి ఒక సేరు గోధుమలు, దేనారానికి మూడు సేర్ల యవలు (బార్లీ) అని ఒక స్వరం వినిపిస్తుంది. దేనారం అంటే ఎంతో మత్తయి 20లో ఉంది, ద్రాక్షతోటలో కూలివాడి ఒకరోజు కూలి. ఆ సేరు గోధుమలు సుమారుగా ఒక మనిషి ఒకరోజు తిండి. అంటే పొద్దంతా పనిచేసినా తన పొట్ట ఒక్కటే నిండుతుంది. పెళ్లాం పిల్లలు ఉంటే యవలతో సరిపెట్టుకోవాలి. అదే స్వరం నూనెనూ ద్రాక్షారసాన్నీ పాడుచేయొద్దంటుంది. ఇది ధరల పట్టిక, రహస్య సంకేతం కాదు. ఆకలి ఎరిగినవాడికి వెంటనే అర్థమవుతుంది.

రెండో సాయం పాత నిబంధన. మీ 13వ అధ్యాయపు మృగానికి చిరుతపులి ఒళ్లు, ఎలుగుబంటి పాదాలు, సింహం నోరు. దానియేలు 7లో ఈ మూడూ విడివిడిగా వస్తాయి, నాలుగో మృగానికి పది కొమ్ములుంటాయి. అక్కడ అవి రాజ్యాలని ఆ అధ్యాయమే చెబుతుంది. ప్రకటన రాసిన యోహాను వాటన్నిటినీ కలిపి ఒకే మృగంగా చూపించాడు. బూరల తెగుళ్లు నిర్గమకాండంలోవి, నాలుగు రంగుల గుర్రాలు జెకర్యాలోవి. ప్రకటన కూడా కొన్నిటికి తానే అర్థం చెబుతుంది: దీపస్తంభాలు సంఘాలని 1:20లో, ఏడు తలలు ఏడు కొండలని 17:9లో. ఏడు కొండల పట్టణమంటే అప్పటివాళ్లకు రోమే.

666 విషయానికొస్తే, ఆ రోజుల్లో అక్షరాలే అంకెలు. రోము చక్రవర్తి నీరో కైసరు పేరును హెబ్రీ అక్షరాల్లో రాసి కూడితే 666 వస్తుంది. కొన్ని పాత ప్రతుల్లో 616 అని ఉంది. నీరో పేరును లాటిన్ పద్ధతిలో రాస్తే ఆ లెక్కా సరిపోతుంది. అందుకే చాలామంది నీరో వైపే మొగ్గుతారు. నేనూ అంతే.

జవాబు 3

పై బ్రదర్ చెప్పింది బాగుంది కానీ అంతా రోముతో అయిపోయిందంటే నేను ఒప్పుకోను. 21వ అధ్యాయంలో కన్నీళ్లు తుడవడం, మరణం లేకపోవడం ఇంకా జరగలేదు కదా. ప్రభువు రాకడ కోసం ఎదురుచూసేవాళ్లకు ఇది రేపటి పుస్తకం కూడా.

జవాబు 2

అయిపోయిందని నేనూ అనను, బ్రదర్. చివరి అధ్యాయాల కోసమే నేనూ చదువుతాను. రోము పోయినా మనుషుల చేత మొక్కించుకునే రాజ్యాలు వస్తూనే ఉన్నాయి. నేను వద్దనేది తేదీలు కట్టడం. విలియం మిల్లర్ అనే అమెరికా బోధకుడు దానియేలు 8:14 మీద లెక్క కట్టి ప్రభువు రాకడ దగ్గరపడిందన్నాడు. ఆయన అనుచరులు 1844 అక్టోబరు 22 కోసం ఎదురుచూశారు. కొందరు ఆ ఏడాది పొలాల్లో పంట కూడా కోయలేదు. ఆ రోజు గడిచాక వాళ్ల గుండెలు ఎలా పగిలాయో చదివితే ఇప్పటికీ బాధేస్తుంది.

ప్రశ్న అడిగినవారు

చాలా థ్యాంక్సండి. దానియేలు 7 పక్కన పెట్టుకుని చదివాను, భయం చాలావరకు తగ్గింది. ఒక సందేహం. 5వ అధ్యాయంలో యూదా గోత్రపు సింహం అని యోహాను వింటాడు, తిరిగి చూస్తే వధించబడిన గొర్రెపిల్ల. 7వ అధ్యాయంలో లక్షా నలభై నాలుగు వేలు అని వింటాడు, తర్వాత చూస్తే ఎవరూ లెక్కపెట్టలేని జనం. ఇదీ అలాంటిదేనా?

జవాబు 2

అలాంటిదేనని నా నమ్మకం. రెండూ వేర్వేరు గుంపులని చెప్పేవాళ్లూ ఉన్నారు, వాళ్లు ఇశ్రాయేలు గోత్రాల పేర్లను చూపిస్తారు. మీరు దాన్నే పట్టుకుని 14:1కి వెళ్లండి. అక్కడ ఆ లక్షా నలభై నాలుగు వేలమంది సీయోను కొండ మీద గొర్రెపిల్లతో నిలబడి ఉంటారు, నొసళ్ల మీద గొర్రెపిల్ల పేరూ తండ్రి పేరూ ఉంటాయి. మృగం ముద్ర 13 చివర, ఈ పేర్లు 14 మొదట. అధ్యాయాల విభజన 13వ శతాబ్దంలో వచ్చింది, మొదట విన్నవాళ్లకు మధ్యలో ఆ గీత లేదు. ఈసారి 13 చదివినప్పుడు 666 దగ్గర ఆపకుండా 14:5 దాకా ఒకే బిగిన చదవండి.