ఉద్యోగంలో ఉంటూ పక్కన వ్యాపారం: ఆఫీసులో చెప్పాలా, వద్దా?

కుట్టుదారం:
ఆరు నెలలుగా నోటుపుస్తకాలు బైండింగ్ చేసి ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. పగలంతా ఉద్యోగం. రాత్రి పది దాటాక కాగితాలు మడిచి, కుట్టి, వెన్నుకు జిగురు రాసి, పైన బరువు పెట్టి పడుకుంటే తెల్లారేసరికి ఆరుతాయి. ఇప్పుడు ఒకేసారి 200 పుస్తకాల ఆర్డరు వచ్చింది. ఆఫీసులో ఎవరికీ తెలీదు. మేనేజరుకు చెప్పేయాలా?

రెండో ఇన్నింగ్స్:
చెప్పొద్దు. చెప్పిన మర్నాటి నుంచి ఐదు నిమిషాలు లేటైనా "వ్యాపారం బాగుందా" అంటారు. అలాగని ఉద్యోగమూ మానొద్దు. ఉద్యోగంలో ఉంటూ మొదలుపెట్టి, తర్వాత పూర్తిగా వ్యాపారంలోకి దిగినవాళ్ళకు అది మూతబడే ముప్పు ఒకేసారి దూకినవాళ్ళకంటే మూడోవంతు తక్కువని అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయం పరిశోధకులిద్దరు 2014 పేపర్‌లో తేల్చారు. నైకీ కంపెనీ వ్యవస్థాపకుడు ఫిల్ నైట్ 1964లో బూట్ల వ్యాపారం మొదలుపెట్టి, అకౌంటెంటుగా, తర్వాత లెక్చరరుగా పనిచేస్తూ 1969లో గానీ పూర్తిగా అందులోకి రాలేదు.

నిక్కచ్చి:
ఉద్యోగం చేశాడు సరే, దాచాడని ఎక్కడుంది? ఆపిల్ కంపెనీ పెట్టినవాళ్ళలో ఒకడైన వోజ్నియాక్ హెచ్‌పీలో పనిచేస్తూ ఆపిల్ వన్ కంప్యూటర్ తయారుచేసి ముందు హెచ్‌పీకే చూపించాడు, వాళ్ళు వద్దన్నాక బయటికి తెచ్చాడు. అదీ పద్ధతి. దాస్తే ఏమవుతుందో బ్రాట్జ్ బొమ్మల కేసు చూడండి. బార్బీ బొమ్మల కంపెనీ మ్యాటెల్, తమ దగ్గర ఉద్యోగంలో ఉండగా ఒక డిజైనర్ గీసిన బొమ్మలవని, వాటిని అమ్మే కంపెనీ మీద కోర్టుకెక్కింది.

రెండో ఇన్నింగ్స్:
సగం కథ చెప్పకండి. 2008లో మ్యాటెల్ గెలిచింది, 2010లో అప్పీలులో అది కొట్టేశారు, 2011లో రెండో జ్యూరీ అవతలి వైపే తీర్పిచ్చింది.

నిక్కచ్చి:
అన్నేళ్ళు లాయర్లను పోషించి గెలిచింది ఒక పెద్ద బొమ్మల కంపెనీ. రాత్రిపూట పుస్తకాలు కుట్టుకునే మనిషి పోషించగలరా?

లెక్కల పుస్తకం:
ముందు అపాయింట్‌మెంట్ లెటర్ తీసి చదవండి. "వేరే పని చేయరాదు" అని ఉందా, "ముందస్తు అనుమతితో" అని ఉందా? అసలేమీ లేకపోయినా ఆఫీసు లాప్‌టాప్, ప్రింటర్ జోలికి వెళ్ళకండి.

కుట్టుదారం:
ప్రింటరా... అయ్యో. అడ్రస్ లేబుళ్ళు అక్కడే తీస్తున్నాను. రోజుకు మూడో నాలుగో, అంతే.

నిక్కచ్చి:
అదిగో! చిన్నదైతే దొంగతనం కాదా?

రెండో ఇన్నింగ్స్:
పిల్లల స్కూలు ప్రాజెక్టులు బొత్తులు బొత్తులుగా కలర్‌లో ప్రింట్ తీసుకెళ్ళే మేనేజర్లను చూశాను, నాలుగు లేబుళ్ళకు దొంగతనమా?

నిక్కచ్చి:
వాళ్ళు చేస్తే ఇదీ ఒప్పయిపోతుందా? సూటిగా చెప్పండి, లేబుల్ తీయొచ్చా, తీయకూడదా?

ఆవులింత:
200 పుస్తకాలు వదిలేసి లేబుళ్ళు పట్టుకున్నారు 😄

రెండో ఇన్నింగ్స్:
సూటిగా చెప్పాలా? పదకొండేళ్ళు చేశాను ఒకేచోట. శనివారాలు కూడా. ఒక మధ్యాహ్నం పావుగంట కాల్‌లో పంపించేశారు, కాల్ అయ్యేసరికే లాగిన్ పోయింది, నా సొంత ఫోటోలు కూడా తీసుకోలేకపోయాను. వాళ్ళు నాకు ముందుగా ఏం చెప్పారని నేను చెప్పాలి? నీలాంటి కంపెనీ భక్తులకు ఇది అర్థం కాదులే.

నిక్కచ్చి:
కంపెనీ మునిగినా నాకు పట్టదు. నా పక్క సీట్లో ఒకడుండేవాడు, పక్కన కోచింగ్ క్లాసులు. "రెండు నిమిషాల్లో వస్తా" అని మెట్ల దగ్గరికి పోయి ముప్పావుగంట ఫోన్. వాడి పని ఎవరు చేశారు? రెండేళ్ళు నేనే. వాడికి ఒంట్లో బాగాలేదేమో, ఇంట్లో ఏదో ఇబ్బందేమో అనుకున్నాను, అడగడానికి మొహమాటపడ్డాను. ఉద్యోగం మానేసిన రోజు వీడ్కోలు మీటింగులో "రిస్క్ తీసుకున్నాను" అన్నాడు. అందులో సగం నా వీపు మీదే తీసుకున్నాడు.

రెండో ఇన్నింగ్స్:
ఇది మొదట్లోనే చెప్పొచ్చుగా. అలాగైతే పక్క సీటుకు చెప్పమందాం, మేనేజరుకెందుకు?

నిక్కచ్చి:
పక్క సీటుకు చెబితే సాయంత్రానికల్లా మేనేజరుకు చేరుతుంది. నువ్వు ఆఫీసులో పనిచేసిన మనిషివేనా?

ఆవులింత:
కుట్టుదారం గారూ, ఒక్క మాట. రాత్రికి ఎన్ని పుస్తకాలు అవుతాయి? గడువెంత?

కుట్టుదారం:
మామూలుగా ఆరు. ఒంటిగంట దాకా కూర్చుంటే ఎనిమిది. గడువు మూడు వారాలు.

ఆవులింత:
21 రాత్రులు, ఎనిమిది చొప్పున 168. ఇంకా 32 తక్కువ. అది కూడా ఒక్క రాత్రైనా కునుకు పట్టకపోతే.

లెక్కల పుస్తకం:
కొంత అడ్వాన్స్ తీసుకుని, విడతలుగా ఇస్తామని అడగండి. కుట్టుపని మీరే చేసి, కాగితం కోత, మడత బయట చేయించండి. చాలామంది మొదటి పెద్ద ఆర్డరులో దెబ్బతినేది ఇక్కడే, చేతిపని గంటలు లెక్కేసుకోరు.

కుట్టుదారం:
విడతలు కుదరదన్నారు, వాళ్ళ కార్యక్రమం రోజుకు అన్నీ కావాలట. మడత బయట ఇచ్చినా నాలుగు రోజులు పగలు కూడా కూర్చోవాలి, అంటే సెలవు పెట్టాలి. లెటర్ చూశాను, "లిఖితపూర్వక అనుమతి లేకుండా" అని ఉంది. సెలవడిగితే కారణం అడుగుతారు. ఏం చెప్పను?

నిక్కచ్చి:
ఉన్నదే చెప్పండి. అనుమతి కూడా అప్పుడే అడగండి.

రెండో ఇన్నింగ్స్:
జ్వరమనండి.