ఫుడ్ ట్రైలర్ కట్టుకుని అరకు: కారు 2000 కేజీలు లాగుతుందంటే సరిపోద్దా?

గాజువాక_గరిట:
అన్నలూ ఒక డౌట్. ఈ సీజన్‌లో అరకులో టిఫిన్లు పెడదామని సెకండ్ హ్యాండ్ ఫుడ్ ట్రైలర్ ఒకటి కొన్నాను, ఒకే యాక్సిల్, ఓవర్‌రన్ బ్రేకుంది (ట్రైలర్ కారుని నెడితే దానంతటదే పడేది), ఆర్‌సీ కూడా నా పేరు మీదకి మారిపోయింది. ప్లేట్ మీద గ్రాస్, అంటే సామానంతా ఎక్కించాక దాటకూడని మొత్తం బరువు, 1500 కేజీలని ఉంది, అమ్మినాయన ఖాళీ బండి 850 అన్నాడు. నీళ్లు 300 లీటర్లు, కమర్షియల్ సిలిండర్లు రెండు, జనరేటర్, ఫ్రీజర్, పొయ్యిలు, సరుకులు అన్నీ కలిపి నా లెక్కకి 620, అంటే 1470. కారు బుక్‌లో బ్రేకులున్న ట్రైలరైతే 2000 దాకా లాగొచ్చని రాసుంది. ఇంకా 500 పైన మిగులే కదా, ఆరుగురం అదే కార్లో బేగి వెళ్లిపోదామనుకుంటుంటే మా బావమరిది ఘాట్ ఘాట్ అని ఒకటే నస. ఏటి అతని భయం?

కాటా_బాబాయ్:
భయం కరెక్టే. ఆ 850 ఎవరు తూచారు గురూ? అమ్మేవాడు చెప్పే బరువూ పెళ్లిచూపుల్లో చెప్పే వయసూ ఒకటే. ఆటోనగర్‌లో ఏదో ఒక లారీ కాటాకి అన్నీ ఎక్కించి తీసుకెళ్లు, నీళ్లతో సహా. ముందు కారు మనుషులతో ఒకసారి, తర్వాత ట్రైలర్ తగిలించి దాని చక్రాలు కాటా బయటుండేలా కారొక్కటే ఒకసారి, ఊడదీసి ట్రైలర్ ఒక్కటే ఒకసారి. మొదటి రెండిటికీ తేడా ఎంతో అంత బరువు నీ టో బాల్ మీద, అదే కారు వెనక ట్రైలర్ తగిలించే గుండు మీద, కూర్చున్నట్టు. ట్రైలర్ మొత్తంలో అది 10 నుంచి 15 శాతం ఉండాలి. లారీ కాటా చిన్న తేడాలు సరిగ్గా చూపించదు, ఇంట్లో మన బరువు చూసుకునే మిషనుంటే ఇంకా నయం: ఒక చెక్క పలక, ఒక చివర మిషను మీద, రెండో చివర అదే ఎత్తులో ఇటుకల మీద పెట్టి, సరిగ్గా మధ్యలో ట్రైలర్ ముక్కు, అంటే టో బాల్‌కి తగిలించే కొస, ఆనించు. చూపించిందానికి రెట్టింపు అసలు బరువు.

సీతమ్మధార_స్టీరింగ్:
అందరూ ఆ 2000 చూసే మోసపోతారు. ముందు నిండిపోయేది కారు సొంత గ్రాస్ వెయిట్. టో బాల్ మీద పడిందంతా కారు మోసే లగేజీ కిందే లెక్క. నీ కారు ఖాళీ బరువు, గ్రాస్ ఎంతో చెప్పు.

గాజువాక_గరిట:
1950, 2500.

సీతమ్మధార_స్టీరింగ్:
అంటే నీ చేతిలో ఉన్నది 550. ఆరుగురు, తలకి 70 వేసుకున్నా 420. 1470లో పది శాతం 147. టో బాల్‌ని కారుకి బిగించే టో బార్ ఇనుము ఓ 25. 592 అయిపోయింది, ఇంకా ఒక్క బ్యాగ్ కూడా పెట్టలేదు! కారు, ట్రైలర్ కలిపి ఇంత దాటకూడదని బుక్‌లో ఇంకో అంకె ఉంటుంది, అదీ చూడు. మోటారు వాహనాల చట్టం 2019 సవరణ తర్వాత ఓవర్‌లోడ్‌కి 20,000 ఫైను, ఎక్కువైన ప్రతి టన్నుకి ఇంకో 2,000, ఎక్కువైన సరుకు అక్కడే దింపిస్తారు. ఫైన్ సంగతలా ఉంచు, ఎస్.కోట దాటాక ఘాట్ ఎక్కడం కాదు సమస్య, దిగడం. దిగుతున్నంతసేపూ ట్రైలర్ కారుని నెడుతూనే ఉంటుంది కాబట్టి ఓవర్‌రన్ బ్రేకు పట్టుకునే ఉండి కాలిపోద్ది. రెండో గేర్లో దిగు, మధ్యలో ఆపి చల్లారనియ్యి. వెనక ట్రైలర్ తోకలా అటూ ఇటూ ఊగడం మొదలైతే గభాల్న బ్రేకు తొక్కకు, స్పీడూ పెంచకు, యాక్సిలరేటర్ వదిలేసి స్టీరింగ్ తిన్నగా పట్టుకో.

పెందుర్తి_పంక్చర్:
టైర్లు ఎవరూ అడగలేదేటి? టైరు పక్కన సైజు తర్వాత ఉండే నంబర్ చూడండి. 88 అంటే ఒక్కో టైరు 560 కేజీలు, 91 అంటే 615, 100 అంటే 800. ఒకే యాక్సిల్ కాబట్టి రెండే టైర్లు. పాత కారు టైర్లు బిగించి అమ్మేస్తారు చాలామంది, నా షాపుకి అలాంటివే వస్తాయి.

గాజువాక_గరిట:
నిన్న కాటా వేయించాను, పరువు పోయింది. ట్రైలర్ 1640! స్టీల్ కౌంటరూ, మడత షెడ్డూ తర్వాత బిగించారంట, ఆయన చెప్పిన 850 అంతకు ముందుది. ముక్కు బరువు 60 మాత్రమే వచ్చింది, ఫ్రీజరూ జనరేటరూ రెండూ వెనకే ఉన్నాయి మరి. టైర్ల మీద 88.
నీళ్లు వంచేశాం, అక్కడే నింపుకుంటాం, 1340కి దిగింది. జనరేటర్ ముందుకి జరిపితే ముక్కు 140. ఇంకా యాక్సిల్ మీద 1200 ఉంది, 88లు రెండూ కలిపి 1120యే, అందుకే 100 నంబర్‌వి ఆర్డర్ పెట్టాను, అవి వచ్చేదాకా బండి కదలదు. కార్లో ముగ్గురమే, మిగతా ముగ్గురు కిరండూల్ పాసింజర్ ఎక్కుతారు. కిటికీ సీటు ఎవరిదని ఇప్పట్నుంచే కొట్టుకుంటున్నారు.

కాటా_బాబాయ్:
టైర్లు మార్చాక యాభై కిలోమీటర్లు తిరిగాక నట్లు ఇంకోసారి బిగించుకో. బావమరిదికి ఒక ప్లేటు ఇడ్లీ ఫ్రీగా పెట్టు.