మీసం తీసేస్తే ఎవరూ కనిపెట్టలేదు, కనుబొమ్మలు కాస్త సన్నమైతే మొహమే మారిపోయింది, ఎందుకంటారు?

మీసంలేనోడు:
12 ఏళ్ళుగా పెంచుకున్న మీసం మొన్న ఆదివారం తీసేశానండీ. మర్నాడు ఆఫీసులో ఒకడు సన్నబడ్డావా అన్నాడు, ఇంకొకావిడ కళ్ళజోడు మార్చారా అంది (అదే కళ్ళజోడు, మూడేళ్ళ నించీ), మా మేనేజరైతే ఏంటయ్యా రాత్రి బాగా నిద్రపట్టినట్టుందే అన్నాడు. మీసం అన్న మాట ఒక్కరి నోటా రాలేదు! ఇంట్లో మా బుడ్డిది, ఏడాదిన్నర, నన్ను చూసి కెవ్వుమని వాళ్ళమ్మ వెనక దాక్కుంది. ఇంకో పక్క మా ఆవిడ థ్రెడింగ్ చేయించుకొచ్చింది, కాస్త ఎక్కువ తీసేసినట్టున్నారు, నాకది తట్టక "ఏంటి అలా ఆశ్చర్యంగా చూస్తున్నావ్" అన్నా, ఆ రోజంతా మాటల్లేవ్. ఏంటండీ ఈ లెక్క?

లెక్కలమాస్టారు:
మీ ఆఫీసోళ్ళ తప్పేం లేదు. మనం మొహాన్ని కళ్ళు వేరు, ముక్కు వేరు అని విడివిడిగా చూడం, మొత్తం ఒకే ముద్దగా చూస్తాం. అందుకే ఎక్కడో ఒకచోట మార్పు జరిగితే అది మొహం అంతటా పాకినట్టు అనిపిస్తుంది, ఎక్కడ జరిగిందో మాత్రం దొరకదు. 1987లో యంగ్, హెల్లవెల్, హే అని ముగ్గురు పరిశోధకులు ఒక ఫేమస్ మనిషి మొహం పై సగానికి ఇంకొకరి కింది సగం అతికించి చూపించారు. ఎవరో కొత్త మనిషిలా కనపడి, పై సగం ఎవరిదో చెప్పడానికి జనం తడుముకున్నారు. అవే రెండు ముక్కల్ని కాస్త పక్కకి జరిపితే టక్కున చెప్పేశారు. మీ మీసం సంగతీ అంతే, పోయింది పెదవి మీద, తేడా కనపడింది కళ్ళ దగ్గరా బుగ్గల దగ్గరా.

పాతకెమెరా:
మాస్టారు చెప్పింది కరెక్టే కానీ కనుబొమ్మల సంగతి వదిలేశారు, అసలు మజా అక్కడే ఉంది. 2003లో సదర్, జరూడి, సిన్హా ఒక ప్రయోగం చేశారు, సెలబ్రిటీల ఫోటోల్లో కొన్నిట్లో కళ్ళు చెరిపేసి, కొన్నిట్లో కనుబొమ్మలు చెరిపేసి, ఎవరో చెప్పమన్నారు. కళ్ళు లేని ఫోటోల కంటే కనుబొమ్మలు లేని ఫోటోలు పోల్చుకోడమే ఎక్కువ కష్టమైంది! నేను పాతికేళ్ళుగా ఫోటోలు తీస్తున్నా, నాకైతే వింతేం కాదు. దూరం నించి తీసినా, ఫోకస్ పోయినా, కళ్ళు మసకైపోతాయి గానీ ఆ రెండు నల్లగీతలు మిగుల్తాయి. పైగా కోపం, ఆశ్చర్యం అన్నీ మనం చదివేది వాటిలోనే కదా, సన్నగా చేసి కాస్త పైకి లేపితే మనిషి ఊరికే కూర్చున్నా ఆశ్చర్యపోతున్నట్టే ఉంటుంది. మీరన్నది నిజమే బాబూ, కాకపోతే పైకి అనకుండా ఉండాల్సింది 😀

జుట్టుపోలి:
కనుబొమ్మలు సరే, మరి జుట్టో? నేను పొడుగు జడ కత్తిరించి భుజాల దాకా చేయించుకుంటే, మా బిల్డింగ్ వాచ్‌మన్ రెండ్రోజులు ఎవరు కావాలమ్మా అని ఆపాడు, మా అమ్మేమో వీధి చివర్నించే గుర్తుపట్టి తిట్టింది. ఎక్కడో చదివా, బాగా తెలిసినవాళ్ళని లోపలి భాగాల్ని బట్టి, అంటే కళ్ళూ ముక్కూ నోరూ బట్టి గుర్తుపడతామట, తెలియనివాళ్ళ విషయంలో జుట్టూ మొహం అంచులే ఎక్కువ పనిచేస్తాయట. వాచ్‌మన్‌కి నేను ఉత్త జడనే అన్నమాట.

లెక్కలమాస్టారు:
అంతెందుకు, 1996లో ఆ సిన్హానే పొజ్జియో అనే ఇంకో పరిశోధకుడితో కలిసి, అప్పటి అమెరికా ప్రెసిడెంట్ క్లింటన్, వైస్ ప్రెసిడెంట్ అల్ గోర్ పక్కపక్కనే ఉన్న ఫోటోలో గోర్ మొహం మధ్యభాగం తీసేసి క్లింటన్‌దే అతికించారు. జుట్టూ తల ఆకారం మాత్రం గోర్‌వే. చూసినవాళ్ళకి ఎప్పట్లా ఆ ఇద్దరే కనపడ్డారు. తెలిసిన మొహాలైనా చుట్టూ ఉన్నది బోల్తా కొట్టిస్తుంది, కాబట్టి అమ్మగారి విషయంలో మీ రూలు పూర్తిగా నమ్మకండి, ఆవిడ నడక చూసి పట్టేసుంటారు.

మీసంలేనోడు:
థాంక్సండీ అందరికీ. మా ఆవిడకి పాతకెమెరా గారి రిప్లై చూపించా, ప్రయోగం దాకా నవ్వుతూ చదివింది, "మీరన్నది నిజమే బాబూ" దగ్గర మళ్ళీ మొహం మారింది. బుడ్డిది మాత్రం సెట్టయింది, నిన్న పొద్దున్న ముక్కు కింద చూపుడువేలు అడ్డంగా పెట్టుకుని పిలిచా, కాసేపు అలాగే చూసి వచ్చి చంకెక్కింది. ఇప్పుడు వేలు తీస్తే ఊరుకోట్లేదు.