చెరువు నీళ్లు వెనక్కి పోతుంటే పక్షులు చూసే డెక్ ఎక్కడ కట్టాలి?

సీమ డ్రాఫ్టర్:
అందరికీ నమస్తే. కడపలో ఆర్కిటెక్చర్ ఆఖరి సంవత్సరం చదువుతున్నా. థీసిస్‌కి అనంతపురం పక్కన బుక్కరాయసముద్రం చెరువు తీసుకున్నా. చిన్న పెవిలియన్, పక్షులు చూసే డెక్, అక్కడిదాకా నడకదారి, అంతే ప్రోగ్రామ్. నాకు బాగా నచ్చింది హాంగ్‌కాంగ్ వెట్‌ల్యాండ్ పార్క్. 2006లో తెరిచారు, బిల్డింగ్ పైకప్పే గడ్డి వాలు, జనం దాని మీదుగా నడుచుకుంటూ పైకి పోతారు, నీళ్ల మీద తేలే నడకదారి కూడా ఉంది. అదే పద్ధతిలో డెక్‌ను నీళ్లలోకి ముప్పై మీటర్లు పొడిగించి గీశా. గైడ్ సార్ షీట్ చూసి "మార్చిలో అక్కడ నీళ్లుంటాయా" అని ఒక్క ముక్క అడిగి పక్కన పెట్టేశారు. ఇప్పుడు డెక్ ఎత్తు దేన్ని బట్టి పెట్టాలి, పునాది ఎట్లాంటిది వేయాలి, పర్మిషన్ ఎవరిది, వాచ్ టవర్ ఉండాలా వద్దా? జ్యూరీ దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది.

కట్టమీద కాకి:
మీ సార్ అడిగింది సరైన ప్రశ్నే తమ్ముడూ. హాంగ్‌కాంగ్‌లో నీటిమట్టం వాళ్ల చేతుల్లో ఉంటుంది, పక్షులకు ఎంత లోతు కావాలో అంత నిలబెడతారు. మన దగ్గర ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన, అది కూడా ఒక ఏడు పడితే ఒక ఏడు మొహం చాటేస్తుంది. చెరువు గర్భం వాలు 300కి 1 ఉందనుకో, మట్టం ఒక్క మీటరు దిగితే నీళ్ల అంచు 300 మీటర్లు వెనక్కి పోతుంది. నీ ముప్పై మీటర్ల డెక్ ఏం పట్టుకుంటుంది? ఎండిన బురద మీద, సర్కారు తుమ్మల మధ్య నిలబడి ఉంటుంది. తేలే డెక్ అంటావేమో, అది బురదలో ఒక పక్కకు ఒరిగిపోతుంది.

నన్నడిగితే పెవిలియన్ ఒక్కటే శాశ్వతం, అది నీళ్లకు దూరంగా గట్టి నేల మీద. పక్షులు చూడటానికి మాత్రం నలుగురైదుగురు పట్టే చిన్న చాటు కొట్టాలు రెండో మూడో, విప్పి ఇంకో చోట వేసుకునేటట్టు. నీళ్లు వెనక్కి పోయే కొద్దీ అవీ ముందుకు జరుగుతాయి. గోడకు సన్నటి అడ్డం కిటికీలు రెండు ఎత్తుల్లో పెట్టు, ఒకటి పెద్దవాళ్లకు, ఒకటి పిల్లలకూ వీల్‌చెయిర్‌లో వచ్చేవాళ్లకూ. అద్దాలు వద్దు, ఆకాశం ప్రతిబింబం చూసి పక్షులు గుద్దుకుంటాయి.

ఇంకోటి, ఎండ. వలస బాతులు ఉండేది చలికాలం, అప్పుడు సూర్యుడు దక్షిణానికి ఒరిగి ఉంటాడు కాబట్టి దక్షిణపు ఒడ్డున కూర్చుని ఉత్తరం చూస్తే రోజంతా వెలుగు నీ వెనక నుంచి వస్తుంది. ఎదురెండలో కూర్చోబెడితే సూదితోక బాతు అయినా నల్లటి మచ్చలాగే కనపడుతుంది.

పాత లస్కర్:
కట్ట జోలికి మాత్రం పోవద్దు నాయనా. గండి పడకుండా ముసలమ్మ ప్రాణమిచ్చిందని కట్ట కథ చెప్పుకునే ఊళ్లో కట్ట తవ్వి స్తంభాలు పాతుతామంటే ఆయకట్టు రైతు ఊరుకుంటాడా? కథ పక్కన పెట్టినా, కట్టలో గుంత తీస్తే దాని వెంబడి నీళ్లు ఊరడం మొదలైందంటే మట్టి కొట్టుకొచ్చి గండి పడేదాకా ఆగదు.

డెక్ ఎత్తుకు ఎఫ్‌టీఎల్, అంటే చెరువు నిండు మట్టం, చూస్తే చాలదు. మరువ, అంటే మిగులు నీళ్లు పొర్లిపోయే చోటు, నిండుగా పారేటప్పుడు నీళ్లు ఇంకా పైకి లేస్తాయి, ఆ గరిష్ఠ మట్టాన్ని ఎండబ్ల్యూఎల్ అంటారు, ఇరిగేషన్ రికార్డులో దొరుకుతుంది. డెక్ దూలం అడుగు దానికంటే పైన ఉండాలి. మరువకూ తూముకూ ఎదురుగా ఏమీ కట్టొద్దు.

పర్మిషన్ సంగతి. 2017 వెట్‌ల్యాండ్ రూల్స్‌లో గత పదేళ్ల సగటు గరిష్ఠ వరద మట్టం నుంచి 50 మీటర్ల లోపల, పడవల జెట్టీ తప్ప శాశ్వత కట్టడం కూడదని ఉంది. అయితే సాగు కోసం, తాగునీటి కోసం మనుషులు తవ్వించుకున్న చెరువులు ఆ రూల్స్‌లో వెట్‌ల్యాండ్ నిర్వచనం కిందికి రావు. కాబట్టి నువ్వు అడగాల్సింది ముందు ఇరిగేషన్ వాళ్లనే. రూలు వర్తించకపోయినా ఆ 50 మీటర్లు నీ డ్రాయింగ్‌లో పాటించు, జ్యూరీలో అడ్డు ప్రశ్న వేసేవాడికి జవాబు ఉంటుంది.

నాపరాయి:
స్ట్రక్చర్ గురించి నేను చెప్తా. చుట్టూ ఎర్రనేల అయినా చెరువు లోపల ఒండ్రు బంక, కింద నల్లరేగడి తగిలితే తడిసినప్పుడు ఉబ్బి, ఎండినప్పుడు నెర్రెలిస్తుంది, మామూలు ఫుటింగ్ (లోతు తక్కువ పునాది) కదిలిపోతుంది. ఇట్లాంటి నేలకే రూర్కీలోని భవన పరిశోధన సంస్థ సీబీఆర్‌ఐ వాళ్లు అండర్‌రీమ్డ్ పైల్ తయారుచేశారు, అది నేలలోకి లోతుగా దిగే స్తంభం లాంటి పునాది, అడుగున ఉబ్బెత్తుగా ఉంటుంది. పెవిలియన్‌కు అది వేయి. కొట్టాలకు అంత అవసరం లేదు, మన తోటల్లో పాతే రాతి కూసాలు చాలు, తుప్పు లేదు, చెదలు లేవు. కర్ర వాడితే నీళ్లు తగులుతూ ఆరుతూ ఉండే చోటే మొదట కుళ్లుతుంది, అది గుర్తుపెట్టుకో. జనం గుంపుగా ఒకే పక్కకు ఎగబడతారు కాబట్టి డెక్‌కు లోడ్ చదరపు మీటరుకు 500 కిలోలు లెక్కేయి, ర్యాంప్ వాలు 12కి 1.

నడకదారికి తాడిపత్రి బండలు పరిస్తే అడుగుల చప్పుడు రాదు, స్టీల్ ప్లేట్ మీద నడిస్తే చెరువంతా వినపడుతుంది. కానీ నల్ల కడప బండ ఎండకు కాలుతుంది, పాలిష్ పెట్టావా వానకు జారి పడతారు. రేకు కప్పు అసలే వద్దు. బోద గడ్డి కప్పు చల్లగా ఉంటుంది, కొన్నేళ్లకోసారి మార్చాలి, ఊళ్లో నలుగురికి పని దొరుకుతుంది.

గుత్తి బ్రో:
అన్నలూ, మరీ దొంగల్లా దాక్కుని చూడాలా? హిందూపురం వైపు వీరాపురం ఊళ్లో కొంగలు ఇళ్ల మధ్య చింతచెట్ల మీదే గూళ్లు పెడతాయి, జనం కింద తిరుగుతుంటారు, అవేమీ పట్టించుకోవు. స్కూలు పిల్లలు వస్తే ఎత్తైన టవర్ ఉంటేనే కదా ఉత్సాహం. సైబీరియా నుంచి వచ్చిన పక్షుల్ని పైనుంచి చూపించొచ్చు.

కట్టమీద కాకి:
గుత్తి బ్రో, వీరాపురం కొంగలు సైబీరియావి కావు, పేపర్లు రాస్తాయి గానీ ఎర్రకాళ్ల కొంగలు మన ఉపఖండం పక్షులే. ఆ ఊరివాళ్లు తరతరాలుగా వాటి జోలికి పోలేదు కాబట్టి మనిషంటే భయం పోయింది. దూరం నుంచి వచ్చే బాతులు అట్లా కాదు, దారిలో ఎన్ని చోట్ల వేట తప్పించుకుని వచ్చాయో. ఆకాశానికి ఎదురుగా మనిషి ఆకారం కదిలితే చాలు, గుంపు మొత్తం లేస్తుంది. టవర్ మీద పిల్లలు చేతులూపుతుంటే ఇంకేం మిగులుతుంది? వేరే జిల్లాలో ఒకచోట ఎర్ర రంగూ పసుపు రంగూ కొట్టి మూడంతస్తుల టవర్ కట్టారు, పైనుంచి సెల్ఫీలు బాగా వస్తాయి.

డ్రాఫ్టరూ, నడకదారి కట్ట మీద వేయకు. కట్ట వెనక, దిగువ పక్కన, కట్ట కాలికి కాస్త ఎడంగా తీసుకురా, కట్టే నీకు ఉచితంగా దొరికిన గోడ. చూసే చోటికి వచ్చాక మాత్రమే జనం పైకి రావాలి.

సీమ డ్రాఫ్టర్:
చాలా థ్యాంక్స్ అన్నలూ, డెక్ తీసేసి కొట్టాలు పెడుతున్నా. లస్కర్ సార్, కట్ట వెనక ఊరిన నీళ్లు పోయే ఊట కాలువ ఉంటుంది కదా, దానికి ఎంత ఎడం వదలాలి?

పాత లస్కర్:
ఊట కాలువకు అవతలి ఒడ్డున వేయి, కట్టకూ కాలువకూ మధ్య వద్దు. ఊట ఎక్కువైందా, మట్టి రంగు వస్తోందా అని మేం చూసేది ఆ జాగాలోనే, అక్కడ బండలు పరిస్తే ఏమీ కనపడదు. దాటడానికి ఒక్క చోట చిన్న కల్వర్టు చాలు.