బొగ్గుల గ్రిల్‌కి ఏ పెయింట్? కింద రెడ్ ఆక్సైడ్ (తుప్పు పట్టకుండా ముందు వేసే ఎర్ర ప్రైమర్) కొట్టాలా వద్దా?

డాబా_ఆదివారం (పటమట):
నమస్తే అందరికీ. ఆటోనగర్లో ఒక షాపులో బొగ్గుల గ్రిల్ చేయించా, మూత, కాళ్ళు, పక్కన ట్రే అన్నీ కలిపి 4,800 అయింది. రంగు కూడా వాళ్ళే వేసిచ్చారు, నల్లగా నిగనిగలాడతా ఉంది. మొన్న ఆదివారం మొదటిసారి బొగ్గులేస్తే పావుగంటకల్లా మూత మీద అప్పడం పొంగినట్టు పొక్కులు లేచాయి, గోరుతో గీకితే కింద ఎర్ర పొరతో సహా ఊడొచ్చేసింది. వాసనకి కింద పోర్షన్ వాళ్ళు వైర్లు కాలతన్నాయేమోనని పైకొచ్చారు. గీకేసి మళ్ళీ వేద్దామని, ఏది మంచిదో చెప్పండి.

సైలెన్సర్ శీను:
మామూలు ఎనామిల్ కొట్టాడన్నా. గ్రిల్ అనగానే వాడికి కిటికీ గ్రిల్ గుర్తొచ్చి ఉంటది 😀

రంగులబాబాయి:
శీను చెప్పింది నిజమే గానీ అసలు తప్పు అక్కడ లేదు. నేను వన్‌టౌన్లో 27 ఏళ్ళు రంగుల కొట్టు నడిపిన మనిషిని. ఇనుము అన్నాక రెడ్ ఆక్సైడ్ పడాల్సిందే, కృష్ణ ఒడ్డున ఉన్నాం, ఒక్క వానాకాలం గడిస్తే ఉత్తి ఇనుము ఏమవుద్దో తెలుసుగా. ఎర్ర పొర ఊడిందంటే తుప్పు గీకకుండా దానిమీదే పులిమేశారన్నమాట. ఎమరీ కాయితంతో రుద్ది, థిన్నర్ గుడ్డతో తుడిచి, రెడ్ ఆక్సైడ్ ఒక కోటు వేసి, రోజంతా ఆరబెట్టి, ఆపైన హీట్ రెసిస్టెంట్ నలుపు వేసుకోండి.

ఆర్క్_వెల్డర్:
బాబాయ్ గారూ గౌరవంతోనే చెప్తన్నా, ఇక్కడ రెడ్ ఆక్సైడ్ పనికిరాదు. నేను రోజూ చేసేది ఇదే పని. హీట్ పెయింట్ డబ్బా మీద 600 డిగ్రీలని ఉంటది చూడండి, అది పై కోటు తట్టుకునేది, కిందున్న మామూలు ప్రైమర్ అంతకి చాలా ముందే మాడిపోద్ది, కింద పొర మాడాక పై పొర దేన్ని పట్టుకుని నిలబడద్ది? తుప్పు పోయేదాకా రుద్దిన ఉత్తి ఇనుము మీదే డైరెక్టుగా కొట్టాలి, అదీ పల్చగా రెండు కోట్లు.

రంగులబాబాయి:
ఆక్సైడ్ మాడిపోద్దా? ఆక్సైడ్ అంటే ఏంటయ్యా, తుప్పే గదా. తుప్పు మాడటం ఎక్కడన్నా చూశావా? ఇటుక ఎర్రగా ఉండేది దానివల్లే, బట్టీలో పెట్టి కాల్చినా ఎరుపు పోలా.

ఆర్క్_వెల్డర్:
పొడి కాలదండీ. ఆ పొడిని పట్టి ఉంచే నూనె, రెసిన్ కాలతాయి. ఇటుకలో నూనె ఉండదుగా. హీట్ పెయింట్‌లో ఉండేది సిలికాన్ రెసిను, దానికే ఆ రేటు.

లక్ష్మి_సత్యనారాయణపురం:
లోపలవైపు కూడా రంగేశారా? అది ఎవరూ అడగట్లేదు.

బ్రాడీపేట_4వలైను:
మేం గుంటూర్లో పెనం లాగే నూనె రాసి కాలుస్తాం, అంతే. మూడేళ్ళయింది, రంగూ లేదు గొడవా లేదు.

రంగులబాబాయి:
ఈ పొక్కుల గొడవ నాకు కొత్త కాదు. టీ కొట్టాయన ఒకడు బొగ్గుల పొయ్యి చేయించుకుంటే ఇట్టాగే పొక్కులొచ్చాయి, చేసినవాడు 'రంగు డబ్బా నాసిరకం' అని నా కొట్టు పేరు చెప్పాడు. వాడు నా దగ్గర కొన్నదే గేట్ల ఎనామిల్, అదీ అన్నిట్లోకీ చవకది. ఆ టీ కొట్టాయన నలుగుర్లో అరిస్తే 1,100 నా జేబులోంచి ఇచ్చా. మీ వెల్డింగోళ్ళకి రెడ్ ఆక్సైడ్ మీద ఉన్నట్టుండి ఇంత జ్ఞానం ఎందుకొచ్చిందో గానీ, పాత స్క్రాపు మీద పులిమి కొత్త సరుకని అమ్మేటప్పుడు అదే అమృతం.

ఆర్క్_వెల్డర్:
అందర్నీ ఒకే గాట కట్టేస్తారేంటండి. మూడొందలు ఎక్కువవుద్ది హీట్ పెయింట్ వేస్తా అంటే ఎంతమంది ఒప్పుకున్నారో నన్నడగండి. పైగా అది మెరవదు, బూడిద నలుపులో ఉంటది, 'ఇదేంటి పెనం అడుగులా ఉంది' అంటారు. ఈ అన్న ఏం అడిగాడో ముందు చెప్పమనండి.

డాబా_ఆదివారం:
నిజం చెప్పాలంటే మెరవాలనే అన్నా. బావగారి వాళ్ళు వస్తన్నారు, చూట్టానికి బాగుండాలని. కానీ బొగ్గులేస్తే ఊడిపోద్దని ఒక్క ముక్క చెప్పలేదు వాళ్ళు.

ఆర్క్_వెల్డర్:
చూశారా. అడిగింది ఇచ్చాడు.

రంగులబాబాయి:
అడిగితే ఇచ్చేయడమేనా? చేసేది పొయ్యి అని నీకు తెలుసు, ఆయనకి రంగుల సంగతి తెలీదు. చెప్పి, ఆయన వద్దంటే అప్పుడు ఆయన కర్మ. నేను ఇందాకటి నుంచీ మొత్తుకునేది ఇదే.

సైలెన్సర్ శీను:
ఇందాకటి నుంచీ మొత్తుకుంది రెడ్ ఆక్సైడ్ గురించి బాబాయ్ 😀

లక్ష్మి_సత్యనారాయణపురం:
రెండోసారి అడుగుతున్నా. లోపల?

డాబా_ఆదివారం:
సారీ అక్కా. లోపల సిల్వర్ రంగు ఉంది, బొగ్గులు పోసేచోట కూడా.

లక్ష్మి_సత్యనారాయణపురం:
అయితే చికెన్ అందులో వండొద్దు ముందు. రాజుకున్న బొగ్గు 700 డిగ్రీలు దాటుద్ది, 600 డబ్బా అయినా అక్కడ నిలవదు, ఆ పొగంతా ముక్కలకే.

ఆర్క్_వెల్డర్:
అక్క చెప్పింది కరెక్టు. లోపలా, ఊచలకీ రంగే ఉండకూడదు, గుంటూరాయన చెప్పినట్టు నూనె రాసి కాల్చడమే. హీట్ పెయింట్ మూతకీ బయటి గోడలకీ, కాళ్ళకి ఎనామిల్ ఉన్నా పర్లేదు. వేశాక వట్టి గ్రిల్‌లో సన్న సెగ అరగంట, పూర్తిగా చల్లారనిచ్చి కాస్త పెద్ద సెగ ఇంకో అరగంట. అది కాలితేనే గట్టిపడేది, అంతదాకా గోరు పెడితే ఊడొస్తది. మొదటి రోజు వాసనొస్తే భయపడొద్దు.

రంగులబాబాయి:
మూతకి రెడ్ ఆక్సైడ్ వద్దంటే సరే. కాళ్ళకి మాత్రం కొట్టాల్సిందే.

డాబా_ఆదివారం:
వైర్ బ్రష్‌తో లోపల గీకుతున్నా. సిల్వర్ కింద ఎర్రది, దాని కింద పచ్చ రంగు వస్తంది. కొత్త షీటన్నాడే?

రంగులబాబాయి:
గీకడం ఆపండి. అది కొత్త షీటు కాదు, పాత డ్రమ్ము రేకు. ఇళ్ళ రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90) దాటకూడదని 2017 నవంబరు నుంచి రూలుంది, డ్రమ్ములకేసే రంగు దాని కిందకి రాదు. ఆ పొడి పీల్చొద్దు, పిల్లల్ని డాబా ఎక్కనీయొద్దు.

ఆర్క్_వెల్డర్:
లోపల ఏం పోసిన డ్రమ్మో కూడా తెలీదు. బాబాయ్ గారూ ఇది మాత్రం మీరన్నదే.

సైలెన్సర్ శీను:
అక్షరాలేమన్నా కనపడితే ఫొటో పెట్టన్నా.