జోర్డాన్ బేస్‌బాల్‌లో వేసుకున్న బూట్లంటున్నారు, నమ్మవచ్చునా?

ప్రశ్న: అందరికీ నమస్కారం. మేము అలబామాలో, బర్మింగ్‌హామ్ దగ్గర ఉంటున్నాము. మొన్న శనివారం ఒక యార్డ్ సేల్‌లో (ఇంటి ముందు పాత సామాన్లు అమ్మే చోట) నల్లతోలు ఎయిర్ జోర్డాన్ 9 జత కనిపించింది, అంటే జోర్డాన్ పేరుతో నైకీ కంపెనీ చేసే బూట్లలో తొమ్మిదో నమూనా. 1994లో మైకేల్ జోర్డాన్ బాస్కెట్‌బాల్ మానుకుని బర్మింగ్‌హామ్ బేరన్స్ జట్టుకు బేస్‌బాల్ ఆడినప్పుడు వేసుకున్నవి ఇవేనని చెప్పి, అమ్మేవారు 400 డాలర్లు అడిగారు. సైజు 9, అడుగున మామూలు రబ్బరు సోల్ ఉంది. కొనవచ్చునా?

సమాధానం: ఆయనవి కావండీ. జోర్డాన్ సైజు 13. పైగా బేస్‌బాల్ మైదానంలో వేసుకునే బూట్లకు అడుగున స్పైకులుంటాయి. ఎయిర్ జోర్డాన్ 9 పైభాగానికి స్పైకుల సోల్ అమర్చి నైకీ ఆయనకోసం ప్రత్యేకంగా బూట్లు చేసి ఇచ్చిన మాట నిజమే గాని, 45వ నంబరు చొక్కాతో ఆయన బేరన్స్‌కు ఆడినది ఆ ఒక్క సీజనే, 127 ఆటలే కనుక అటువంటి జతలు యార్డ్ సేల్‌లో దొరకడం దాదాపు అసాధ్యం. దొరికినా, తోలు మీది ముడతలు, గీతలు నాటి ఆట ఫొటోలతో సరిపోలితే తప్ప పెద్ద వేలంసంస్థలు వాటిని ఆయనవిగా ఒప్పుకోవు.

ఇక దుకాణాల్లో అమ్మిన 9వ నమూనా 1993 చివర్లో, ఆయన మొదటిసారి రిటైరైన తరువాత వచ్చింది. (ఆ రోజుల్లో తన బాస్కెట్‌బాల్ జట్టు షికాగో బుల్స్ తరఫున ఆయన దానితో ఒక్క ఆటా ఆడలేదు, షికాగోలోని ఆయన విగ్రహం కాళ్లకు మాత్రం అవే బూట్లు!) బేరన్స్ రోజులకు గుర్తుగా నైకీ 2014లో నల్లరంగులో మరొక జతను విడుదల చేసింది. బూటు నాలుక (లేసుల కింద ఉండే పట్టీ) లోపలి చీటీ మీద తయారీ తేదీలు కనబడుతున్నాయేమో చూడండి.

ప్రశ్న: చీటీ సగం చెరిగింది గాని, తేదీ చివర 14 అనే అంకెలు స్పష్టంగా ఉన్నాయి.

సమాధానం: అయితే అవి 2014 నాటివే. వాడని బూట్లు పెట్టెలో భద్రంగా ఉంటాయనుకుంటాము గాని, మిడ్‌సోల్ (అడుగు సోల్‌కు, పైభాగానికి మధ్య ఉండే మెత్తని పొర) పాలీయురెథేన్ అనే ప్లాస్టిక్ నురుగుతో చేసినది అయితే గాలిలోని తేమకే అది లోలోపల విచ్చిపోతుంది, వేసుకోకపోయినా సరే. అలబామా వేసవిలో గరాజ్‌లో ఉంచినవైతే మరీ అనుమానించాలి. మడమ పక్కన బొటనవేలితో గట్టిగా నొక్కి చూడండి. మెత్తగా లోపలికి దిగి మళ్లీ పైకి వస్తే మంచిదే, పెళుసుగా చిట్లినా పొడి రాలినా అవి నడకకు పనికిరావు. సోల్ మార్పించి వేసుకునేవారు ఉన్నారు గాని, సేకరణకు కొనేవారు అటువంటి జతకు పూర్తి ధర ఇవ్వరు.

ప్రశ్న అడిగినవారు: ఈ రోజు మళ్లీ వెళ్లాను. తేదీ చూపించగానే వారు 80 డాలర్లకు దిగారు. నొక్కితే అరచేతిలో పొడి రాలింది. అక్కడే పెట్టేసి వచ్చాను.